ముందు బండి, వెనక సీటు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా వీధిలో ఉరుములు ఉరిమినట్లు చప్పుడయింది. ప్రొద్దుటూరులో వానాకాలంలోనే సరిగ్గా ఉరమదు, ఈ చలికాలంలో ఉరుములేమిటా అని వసారాలోకి వచ్చి చూస్తే, మా గేటు ముందు ఎనిమిది మోటారు సైకిళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మీద నుంచి దిగిన పిల్లలు నల్లటి తోలు కోట్లు, చేతులకు గ్లౌజులు, నెత్తిన బానల్లాంటి హెల్మెట్లు పెట్టుకుని చంద్రమండలానికి బయల్దేరినట్లున్నారు. తీరా హెల్మెట్లు తీస్తే అందరూ మా ఊరి మొహాలే. వాళ్లది బైకుల క్లబ్బట. ఈ ఊళ్లో మొట్టమొదట అలాంటి సంఘం పెట్టింది మా నాయనేనని ఎవరో చెప్పారట. వాళ్ల ప్రయాణానికి నేను జెండా ఊపాలి, నాయన ఫోటో ఒకటి ఇవ్వాలి. అదీ వాళ్ల కోరిక. వాళ్లలో ఒక అమ్మాయి కూడా ఉంది. పాతికేళ్లుంటాయేమో. అందరికంటే పెద్ద బండి ఆమెదే. కుర్చీలో కూర్చుని, "మీరు కూడా నడిపేవాళ్లా ఆంటీ?" అని అడిగింది. లేదమ్మా, నాయన వెనక కూర్చునేదాన్ని అన్నాను. "ఓ, ఊరికే వెనక సీట్లోనేనా" అని నా వైపు జాలిగా చూసింది. ఆ జాలి చూసి నాకు నవ్వాగలేదు. కాఫీ నెపంతో వంటింట్లోకి పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. అప్పటి నుంచి ఈ సంగతి రాయాలని చేతులు దురద పెడుతున్నాయి. నాయన పోయి చాలా కాలమైంది. ఆనాటి సంఘంలో ఇప్పుడు ఎవరూ లేరు. ఇక బయటపెట్టినా పోయే పరువు నాదొక్కదానిదే, దానికి నేను సిద్ధమే.

మా నాయన తాలూకా ఆఫీసులో హెడ్డు గుమాస్తా. తాతది పౌరోహిత్యం. ఆ వంశంలో మంత్రం వదిలేసి మోటారు సైకిలు పట్టిన మొదటి మనిషి నాయనే. నల్లటి బుల్లెట్టు. దాన్ని రాత్రిళ్లు వీధిలో ఉంచితే దిష్టి తగులుతుందని లోపలికి తెచ్చి, నడవలో బియ్యం మూటల పక్కన నిలబెట్టేవాడు. అందుకే మా ఇంట్లో సాంబ్రాణి వాసన, పెట్రోలు వాసన ఎప్పుడూ కలిసే ఉండేవి. నాకు ఇప్పటికీ పెట్రోలు బంకులో ఆగితే పూజ చేస్తున్నట్లే ఉంటుంది. పొద్దున లేస్తూనే స్నానానికి ముందు ఆయన చేసే పని బండి తుడవటం. అందుకు అమ్మ పాత చీరలు చింపి పెట్టుకునేవాడు. ఒకసారి పాతది కాని చీర కూడా చింపేశాడు. తాగిన చెంబు పక్కన పెట్టని మనిషి, బండి చక్రాల పుల్లలు ఒక్కొక్కటీ తుడుస్తుంటే అమ్మ చూసి, "నేను కూడా రెండు చక్రాలతో పుట్టింటే బాగుండు" అనేది. నాయన నశ్యం డబ్బీ తీసి ఒక చిటికెడు పట్టి, వినపడనట్లు తుమ్మేవాడు.

ఆయన పెట్టిన సంఘం పేరు ప్రొద్దుటూరు ద్విచక్ర మోటారు వాహన చోదకుల సంఘం. బోర్డు రాసే పెయింటరు ఆ పేరంతా పట్టదని చేతులెత్తేస్తే, నాయన బోర్డే పెద్దది చేయించాడు గానీ పేరు తగ్గించలేదు. పన్నెండు మంది సభ్యులు. ఏడాదికొకసారి చలికాలంలో ఒక ఆదివారం అందరూ కలిసి పొద్దున బయల్దేరి, జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల చేరి, అక్కడి నుంచి వేంపల్లె దగ్గరి గండి ఆంజనేయస్వామిని దర్శించుకుని, ఏటి ఒడ్డున భోంచేసి, సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఆఫీసు అలవాటు కొద్దీ నాయన దానికి నియమావళి రాశాడు. ఒకటో నియమం, కెప్టెన్ బండిని ఎవరూ దాటకూడదు. రెండోది, కెప్టెన్ ఎటు తిరిగితే అందరూ అటు, ఎక్కడ ఆగితే అందరూ అక్కడ. మూడోది, దారిలో కెప్టెన్‌ని ప్రశ్నించరాదు, అభ్యంతరాలేమైనా ఉంటే భోజనాల తర్వాత వినబడును. కెప్టెన్ ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. ఈ నియమాలంటే ఒళ్లు మంట ఉన్న మనిషి ఒక్కడే, ఓబుళరెడ్డి మామ. ఆయనది వ్యవసాయం, పెద్ద కమతం, నాయన దానికంటే కొత్త బండి. నాయన వెనక ఇరవై మైళ్ల వేగంతో పోవటం ఆయనకు కాళ్లకు బంధం వేసినట్లుండేది. చిట్టచివర వచ్చేది ఖాదర్ బాషా. మెకానిక్కు కాబట్టి, ఎవరి బండి ఆగినా బాగుచేసుకుంటూ రావాలని ఆయన్ని చివర పెట్టారు.

ఇంతవరకు బాగానే ఉంది. ఆ ఏడు వచ్చిన చిక్కల్లా నాయన కళ్లకు శుక్లాలు రావటం. ఇప్పుడైతే శుక్లాలు పొద్దున తీసి మధ్యాహ్నం ఇంటికి పంపిస్తున్నారు. ఆ రోజుల్లో డాక్టర్లు శుక్లం పండాలనేవాళ్లు. మామిడికాయ మాదిరి బాగా ముదిరి పండేదాకా కత్తి పెట్టరు. నాయన మూడు నెలలకోసారి కడపకు పోయి చూపించుకునేవాడు, ఇంకా పండలేదు పొమ్మనేవాళ్లు. పండేదాకా మనిషికి లోకమంతా మబ్బే. అమ్మ రోజూ సాయంత్రం నందివర్ధనం పూలు నీళ్లలో తడిపి ఆయన రెప్పల మీద పెట్టేది. అరుగు మీద కళ్ల మీద తెల్లపూలతో వెల్లకిలా పడుకున్న నాయనను చూసి, వీధిన పోయేవాళ్లు ఒకరిద్దరు కంగారు పడి ఆగి, ఊపిరి ఆడుతోందో లేదో చూసి పోయిన రోజులు కూడా ఉన్నాయి. ఆఫీసులో కాగితాలు పక్క గుమాస్తాతో చదివించుకుని సంతకం పెట్టేవాడు. ఆయనకు ఎంత తక్కువ కనిపిస్తోందో అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. నాకు మాత్రం తెలుసు, ఎందుకంటే ఒకరోజు వాకిట్లో కట్టేసిన పక్కింటి పాడి ఎనుమును చూసి, "రాప్పా, కూర్చో" అన్నాడు.

ప్రయాణం దగ్గర పడేకొద్దీ నాయన అన్నం సరిగ్గా తినటం మానేశాడు. పోకపోతే కళ్ల సంగతి బయటపడుతుంది, కెప్టెన్ పదవి ఓబుళరెడ్డి మామకు పోతుంది. చివరికి ఒకరోజు నన్ను పెరట్లోకి పిలిచి, "పాపా, నువ్వు నా వెనక కూచోని దోవ చెప్తావా?" అని అడిగాడు. నోటితో చెబితే అందరికీ వినపడుతుంది కాబట్టి చేత్తో చెప్పాలి. కుడి భుజం మీద తడితే కుడికి, ఎడమ భుజం తడితే ఎడమకు, వీపు మధ్యలో అరచేయి నొక్కితే బ్రేకు, మెల్లగా నిమిరితే దారి సాఫీగా ఉందని. గిల్లితే దారికి అడ్డంగా ఎనుములు. పది రోజులు సాధన చేశాం. నాయన పీట మీద కూర్చుని రెండు చేతులూ గాల్లో పెట్టి బండి తోలేవాడు, నేను వెనక కూర్చుని తట్టేదాన్ని. అమ్మ వంటింట్లో నుంచి చూసి, నేను నాయనకు వీపు పడుతున్నానని మురిసిపోయేది. అమ్మకు చెప్పిన మాట వేరే. పిల్లకు పెళ్లి కుదిరే వేళ గండి స్వామి దర్శనం చేయిస్తే మంచిదని. అమ్మ వెంటనే ఒప్పుకుంది.

పెళ్లి మాట అబద్ధం కాదు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. మా చిన్నత్త లింగాల నుంచి ఒక సంబంధం తెచ్చింది. అబ్బాయి తండ్రి అక్కడి గుళ్లో పూజారి, అబ్బాయి బళ్లో లెక్కల అయ్యవారు. జాతకాలు కలిశాయి. వాళ్లింటి ఆచారం ఏమిటంటే పెద్దవాళ్లే వచ్చి పిల్లను చూసి ఖాయం చేస్తారు, పిల్లాడు చూపులకు రాడు. పెళ్లిలో తెర తీసినప్పుడే పిల్లా పిల్లాడూ ఒకరినొకరు చూసుకోవాలి. పోనీ ఫోటో పంపమంటే, ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని తీయించలేదని కబురొచ్చింది. బుధవారం తాంబూలాలకు వస్తామన్నారు. సంఘం ప్రయాణం దానికి ముందు ఆదివారం. చారు ఇంకొంచెం వెయ్యనా అన్నంత తేలిగ్గా అమ్మ నన్ను, "నీకేం అడ్డం లేదు గదా?" అని అడిగింది. చూడకుండా ఎట్ల చెప్పేది అన్నాను. "మేమంతా చూసే చేసుకున్యామా?" అంది. అరుగు మీద కళ్లపై పూలతో పడుకున్న నాయన అటూ ఇటూ కాకుండా ఊరుకున్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. నలభై ఏళ్లో యాభై ఏళ్లో ఎదురుగా కూర్చుని అన్నం తినాల్సిన మొహాన్ని ముందుగా ఒక్కసారి చూడాలనుకోవటం కూడా తప్పేనా అని ఆ రాత్రి ఏడ్చాను. మంగళవారంలోగా నేను ఊ అనాలి, లేదా ఊహూ అనాలి. దేనికీ ఆధారం లేదు.

ఆదివారం తెల్లవారుజామున పన్నెండు బండ్లు మా వీధిలో నిలబడ్డాయి. చలికి అందరూ చెవులకు మఫ్లర్లు చుట్టుకున్నారు. అమ్మ రెండు పెద్ద క్యారియర్ల నిండా చిత్రాన్నం, పెరుగన్నం, ఓళిగలు, అంటే బొబ్బట్లు పెట్టింది. ఒకటి ఖాదర్ బాషా బండికి కట్టారు, ఒకటి నా ఒళ్లోకి వచ్చింది. నన్ను చూసి ఓబుళరెడ్డి మామ ముక్కు విరిచాడు. "ఏంది సామీ, పెండ్లికి పోతా పిల్లిని చంకన పెట్టుకున్నట్ల, ఆడపిల్లను తెస్తాండావు?" అన్నాడు. నాయన తొణకలేదు. "గండి స్వామికి మొక్కుండాది రెడ్డీ. నువ్వు మఫ్లరు గట్టిగ కట్టుకో, నోట్లోకి గాలి పోతాండాది" అన్నాడు. నేను ఓణీ బిగించి, వెనక సీటు మీద పక్కకు తిరిగి కూర్చుని, ఎడమ చేత్తో క్యారియరు, కుడి చేత్తో నాయన వీపు పట్టుకున్నాను. నా అరచేతి కింద ఆయన వీపు గట్టిగా బిగుసుకుని ఉంది. భయపడుతున్నాడని అర్థమైంది. మెల్లగా నిమిరాను. బండి కదిలింది.

జమ్మలమడుగు రోడ్డు మొదటి అరగంట నేను చెమటలు కక్కాను. గుంత, రాయి, ఎద్దులబండి, మళ్లీ గుంత. తట్టీ తట్టీ వేళ్లు నొప్పెట్టాయి. నాయన మాత్రం నేను తట్టిన మరుక్షణం తిరిగేవాడు, కళ్లున్నవాళ్లు కూడా అంత చక్కగా తోలరు. ఒకచోట పొగమంచుకు నాకు పెద్ద తుమ్ము వచ్చింది. ఆ ఊపుకు చేయి ఎడమ భుజానికి తగిలింది. నాయన ఎడమకు తిరిగి మళ్లీ రోడ్డెక్కాడు. వెనక్కి తిరిగి చూద్దును కదా, ఓబుళరెడ్డి మామ కూడా సరిగ్గా అక్కడే ఎడమకు దిగి రోడ్డెక్కాడు. ఆయన వెనక మూడో బండి, నాలుగో బండి, అట్లా చిట్టచివర ఖాదర్ బాషా దాకా అందరూ శ్రద్ధగా లేని గుంతను తప్పించుకుని వచ్చారు. పొద్దుతిరుగుడు చేలో నిలబడిన రైతు ఒకడు చేతిలో చెంబు అట్లాగే పట్టుకుని చూస్తుండిపోయాడు. నాకు అప్పుడు తెలిసొచ్చింది, పన్నెండు మోటారు సైకిళ్లు నా చూపుడు వేలికి కట్టి ఉన్నాయని. ఇంట్లో నా మాట పిల్లి కూడా వినదు. ఇక్కడ నేను ఆడింది ఆట, పాడింది పాట. దేవుడు అలాంటి అధికారం పంతొమ్మిదేళ్లకు ఇవ్వకూడదు. ఇచ్చాడు కాబట్టి, జమ్మలమడుగు చేరేలోపు ఖాళీ రోడ్డు మీద ఆ పన్నెండు మందినీ ఇంకో రెండుసార్లు పాములా మెలికలు తిప్పాను.

జమ్మలమడుగులో టీ అంగడి దగ్గర ఆగాం. ఓబుళరెడ్డి మామ గ్లాసు పట్టుకుని నాయన దగ్గరకు వచ్చాడు. "అది కాదు సామీ, ఆ పొద్దుతిరుగుడు చేను కాడ గుంత యాడుండాది? నాకు కనపల్యా" అన్నాడు. నేను టీ గ్లాసు వెనక మొహం దాచుకున్నాను. నాయన టీ ఊదుకుంటూ, "నీకు కనపడింటే నువ్వే కెప్టెన్ అయ్యింటావు గదప్పా" అన్నాడు. అందరూ నవ్వారు, ఓబుళరెడ్డి మామ కూడా నవ్వక తప్పలేదు. గుడ్డికన్నా మెల్ల మేలంటారు. మా నాయన ఆ రోజు ఏదీ కనపడకపోయినా, కనపడేవాళ్లందరి నోళ్లూ మూయించాడు. బండి ఎక్కాక మాత్రం నాకొక్కదానికే వినపడేట్లు, "నిజంగా గుంత ఉన్యాదా పాపా?" అని అడిగాడు. తుమ్ము వచ్చింది నాయనా అన్నాను. మిగతా రెండు మెలికల సంగతి చెప్పలేదు.

ముద్దనూరు దాటాం. ఎండ వచ్చింది, మఫ్లర్లు విప్పారు. నల్లరేగడి చేలలో శనగ పచ్చగా ఉంది. పులివెందుల దగ్గర పడేకొద్దీ నేను నాయన భుజం మీదుగా మెడ చాచి ముందుకే చూస్తున్నాను. పులివెందులలో కూడలి వస్తుందని, ఎడమకు తిరిగితే వేంపల్లె, గండి అని, కుడికి తిరిగితే లింగాల అని నాకు తెలుసు. చిన్నత్త ఆ దారి గురించి, ఆ ఊరి గురించి, గుడి పక్క వీధిలో పారిజాతం చెట్టున్న ఇంటి గురించి పది రోజులుగా వర్ణిస్తూనే ఉంది. కూడలికి ఇంకా వంద గజాలుంది అన్నప్పటికి కూడా నేను ఏ పాపమూ ఎరగను. యాభై గజాలే మిగిలాయి. ఎడమ భుజం తట్టాల్సిన చేయి లేచింది. లేచి కుడి భుజం మీద పడింది. నాయన బండి ఒక్క క్షణం తటపటాయించినట్లయింది, తర్వాత కుడికి తిరిగింది. వెనక పదకొండు బండ్లూ కుడికి తిరిగాయి. ఓబుళరెడ్డి మామ హారన్ మోగించాడు. మళ్లీ మోగించాడు. మూడో నియమం అడ్డం వచ్చి ఊరుకున్నాడు. నేను తప్పు చేశానని నాకు బాగా తెలుసు. ఆపాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా సీమలో ఆ రోజుల్లో పది పన్నెండు మోటారు సైకిళ్లు ఒక్కసారి ఊళ్లోకి వచ్చాయంటే, దేవుడి దర్శనానికి వచ్చారని ఎవరూ అనుకోరు. ఆ ఆలోచన నాకు రాలేదు, నాకు ఆ పూట పారిజాతం చెట్టు తప్ప ఏదీ కనపడటం లేదు. లింగాలలో చీనీకాయలు, అదే బత్తాయిలు, అమ్ముకుంటున్న ముసలమ్మ మమ్మల్ని చూస్తూనే గంప ఎత్తుకుని సందులోకి పోయింది. మేం గుడి పక్క వీధిలోకి తిరిగేసరికి తలుపులు దడాలు దడాలున మూసుకున్నాయి. ఎవరో పిల్లాడిని జుట్టు పట్టుకుని లోపలికి లాగారు. పారిజాతం చెట్టు కనపడింది. నాయన వీపు మధ్యలో అరచేయి నొక్కాను. పన్నెండు బండ్లూ ఆ ఇంటి ముందు ఆగాయి. ఇంజన్లు ఆగాక వీధంతా ఎంత నిశ్శబ్దమైందంటే, లోపల ఎవరో గడియ పెట్టబోయి చేయి జారిన చప్పుడు కూడా వినపడింది.

అప్పుడు ఆ తలుపు తెరుచుకుంది. లోపల నుంచి ఎవరో "పోవద్దురా, పోవద్దు" అని గుసగుసగా అంటున్నారు. పంచె పైకి కట్టుకుని, మొహమంతా పొయ్యి బూడిదతో, చేతిలో ఇత్తడి ఊదుగొట్టం పట్టుకుని ఒక మనిషి బయటికొచ్చాడు. పొట్టి మనిషి. ఓబుళరెడ్డి మామ పక్కన నిలబడితే భుజం దాకా కూడా రాడు. వాకిట్లో గడప ముందు నిలబడి, ఊదుగొట్టాన్ని కర్రలాగా పట్టుకుని, "ఎవురు కావల్ల మీకు? మా నాయన ఊర్లో లేడు. తిరుపతికి పోయినాడు" అన్నాడు. అదే సమయానికి లోపల పెద్దాయన ఎవరో గట్టిగా దగ్గారు. ఓబుళరెడ్డి మామ, "మరి దగ్గేదెవరప్పా?" అన్నాడు. "మా తాత" అన్నాడు ఆ మనిషి. ఒక క్షణం ఆగి, "ఎవురైతే మీకేంది? ఏమన్నా ఉంటే నన్నడగండి. లోపలికి మాత్రం రాగూడదు" అన్నాడు. గొంతు స్థిరంగానే ఉంది. బండి మీద పక్కకు కూర్చున్నాను కాబట్టి నా చూపు సరిగ్గా ఆయన కాళ్ల మీద పడింది. పంచె కింద ఆయన మోకాళ్లు రెండూ గడగడా కొట్టుకుంటున్నాయి. అంతగా వణికే మోకాళ్లను నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ కాళ్లు గడప దగ్గర నుంచి ఒక్క అంగుళం కదల్లేదు.

మావాళ్లకు ఏమీ అర్థం కాలేదు. ఇక నోరు విప్పాల్సింది నేనే. "నీళ్లు కావల్ల. దప్పికయితాంది" అన్నాను. ఆయన అప్పుడు నన్ను చూశాడు. పన్నెండు మంది మగవాళ్ల మధ్యలో ఒళ్లో క్యారియరు పెట్టుకున్న ఆడపిల్ల. క్యారియర్లతో కొట్లాటకు ఎవరూ రారని తోచిందేమో, పెద్దగా ఊపిరి వదిలాడు. లోపలికి పోయి బిందె, చెంబు తెచ్చి అందరికీ వరసగా దోసిట్లో నీళ్లు పోశాడు. ఇంట్లో అమ్మకు జ్వరమట, ఆ పూట వంట తనదేనట, పొయ్యి రాజుకోక ఊదుతున్నాడట. ఇవన్నీ ఖాదర్ బాషా అడిగితే చెప్పాడు. ఈలోగా ఆయన చెప్పిన తాత, నిజానికి తండ్రి, ధైర్యం చిక్కి తలుపు సందులో నుంచి తొంగి చూస్తున్నాడు. తిరుపతి నుంచి అంత తొందరగా ఎవరూ తిరిగి రాలేదు. నాయన బండి దిగకుండానే నీళ్లు తాగి, "ఏం చేస్తాంటావప్పా నువ్వు?" అని అడిగాడు. బళ్లో లెక్కలు చెప్తానన్నాడు. నాయన తల ఊపి, "అట్లయితే ఒక లెక్క చెప్పు. తూర్పుకు పోవల్సినోడు పడమటికి పది మైళ్లు వచ్చినాడు. ఎన్ని మైళ్లు దోవ తప్పినట్లు?" అన్నాడు. నేను ఆయన వీపు మీద నుంచి చేయి తీసేశాను. ఆ మనిషి చెంబు పక్కన పెట్టి, నిజంగా ఆలోచించి, "తెలిసి వచ్చినాడా, తెలీక వచ్చినాడా సామీ? తెలిసి వచ్చింటే దోవ తప్పినట్లు కాదు గదా" అన్నాడు. నాయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులో నాకు అంతుపట్టనిది ఏదో ఉంది.

మొన్న క్లబ్బు పిల్లలకు జెండా ఊపాను. ఆ అమ్మాయే ముందు నిలబడింది. బండి ముందు ఫోను పెట్టుకున్నారు, అది దారి చెబుతుంది. హెల్మెట్లలో నుంచే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. దారి తప్పే అదృష్టం వాళ్లకు లేదు. అలాగని మా కాలమే గొప్పదని నేను అనను. శుక్లాలున్న కళ్లతో పన్నెండు బండ్లకు ముందు నిలబడి తోలటం ఇప్పుడు మా మనవడు చేస్తే కాళ్లు విరగ్గొడతాను. పిల్లాడిని చూపించకుండా తాంబూలాలు పుచ్చుకోవటం కంటే, ఇప్పటి పిల్లలు ఆరు నెలలు ఫోన్లో మాట్లాడుకుని వద్దనుకోవటమే నయం. కాకపోతే ఆరు నెలలు మాట్లాడుకున్నా, ఎదుటి మనిషికి నిజంగా భయం వేసినప్పుడు ఏం చేస్తాడో వాళ్లకు తెలుస్తుందా అని ఒక్కోసారి అనుకుంటాను. నాకు ఆ సంగతి ఒక చెంబు నీళ్లు తాగేలోపు తెలిసింది. అది నా తెలివి కాదు, చేసిన వెధవ పనికి దొరికిన ఫలితం.

లింగాల దాటి ఒక మైలు వచ్చాక, నేను ఏమీ తట్టకుండానే నాయన బండి పక్కకు తీసి ఆపాడు. మిగతావాళ్లు కాస్త దూరంలో ఆగి చీనీ తోట నీడలో బీడీలు వెలిగించుకున్నారు. నాయన వెనక్కి తిరక్కుండా నశ్యం డబ్బీ తీశాడు. "పాపా, వేంపల్లె దోవలో పొద్దున పూట ఎండ మొగాన కొట్టల్ల. పులివెందల దాటినప్పట్నించి నా వీపున కొడతాండాది" అన్నాడు. నేను దొంగకు తేలు కుట్టినట్లు కూర్చున్నాను. "తెలిసీ ఎందుకు ఆపల్యా నాయనా?" అని అడిగాను. "ఎందుకు ఆపల్ల? నీకు చూపిచ్చల్లని నాకూ ఉండె. మీ అమ్మకు, మీ అత్తకు ఎట్ల చెప్పల్లో తెలీక నోరు మూసుకోనుంటి. నువ్వు తిప్పితివి, నేను తిరిగితి." ఆయన చిటికెడు పట్టుకున్న నశ్యాన్ని పీల్చకుండా అట్లాగే ఉంచుకున్నాడు. "నాకు ఆ పిల్లోడు ఒట్టి మబ్బు మాదిరి కనపడినాడమ్మా. గొంతు విన్యా, అంతే. నువ్వు చూస్తివి గదా, ఎట్లుండాడో చెప్పు. నువ్వు చెప్పిందే నేను చూసినట్లు" అన్నాడు. అరుగు మీద పూల కింద ఆయన మాట్లాడకుండా పడుకున్న రోజు వచ్చిన కోపమంతా నాకు అప్పుడు ఏడుపుగా వచ్చింది. ఆయన వీపుకు మొహం ఆనించి, "మోకాళ్లు వణుకుతాండాయి నాయనా. శానా వణుకుతాండాయి. అయినా వాకిలి వదల్ల్యా" అన్నాను. నాయన నశ్యం పీల్చి డబ్బీ మూశాడు. "అయితే బుధవారం రమ్మందామా?" అన్నాడు. రమ్మను అన్నాను.

బండ్లు వెనక్కి తిప్పుకుని గండి చేరాక, ఏటి ఒడ్డున చిత్రాన్నం తింటూ ఓబుళరెడ్డి మామ, "గండికి పోయేదానికి లింగాల మీద దోవ ఎప్పుడు పడింది సామీ?" అని మొదలుపెట్టాడు. అభ్యంతరాలు భోజనాల తర్వాతే వింటానని నాయన ఇంకో ఓళిగ ఆయన ఆకులో వేశాడు. ఆ ఓళిగల మత్తుకు భోజనాల తర్వాత అందరూ నిద్రపోయారు. బుధవారం తాంబూలాలకు వచ్చిన పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టి ఒకసారి దగ్గాడు గానీ, తిరుపతి సంగతి బయటపడుతుందనేమో కొడుక్కి కూడా చెప్పలేదు. మూడు నెలలకు పెళ్లయింది. జీలకర్ర బెల్లం పెట్టి తెర దించగానే పెళ్లికొడుకు నన్ను చూసి నోరు తెరిచాడు. పంతులు మంత్రం చదువుతుండగానే, "దప్పికయితాందా?" అని గొణిగాడు. ఆ తర్వాత ఎండాకాలానికి నాయన శుక్లాలు పండాయి. కడపలో ఆపరేషన్ చేసి, కట్లు విప్పి, సీసా అడుగుల్లాంటి కళ్లద్దాలు పెట్టారు. నాయన ముందు అమ్మను చూశాడు, తర్వాత నన్ను చూశాడు, కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నా పక్కన నిలబడిన అల్లుడిని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చాలాసేపు చూసి, నన్ను దగ్గరకు రమ్మని చెవిలో అన్నాడు.

"మోకాళ్ల సంగతి చెప్పినావు గానీ, మనిషంతా మోకాళ్ల దాకనే ఉండాడని చెప్పల్యా గదే పాపా!"

"ఎంత పొడుగుండాడని నువ్వు అడగల్యా గదా నాయనా" అన్నాను. ఆయన పడీ పడీ నవ్వుతుంటే, కుట్లు తెగుతాయని నర్సు వచ్చి ఇద్దరినీ తిట్టింది.